ఒకే పంక్తి, ఒకే గల్లాపెట్టె – విలియం కేరీ జీవితం



మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక చారిత్రక వ్యక్తి జీవితం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు పేర్లకు కొదవలేదు. అయినా ఆలోచించి విలియం కేరీని ఎంచుకున్నాను. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి రెండు మూడు వాక్యాలకు మించి ఉండదు. ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ, శ్రీరాంపూర్‌లో ముద్రణాలయం పెట్టినవాడు, బైబిల్‌ను ఎన్నో భారతీయ భాషల్లోకి తెచ్చినవాడు, సతీసహగమనాన్ని మాన్పించడానికి పాటుపడినవాడు అని చదువుకుంటాం. పరీక్షకు అంత చాలు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ పనుల జాబితా కాదు. ఆ పనులన్నీ ఒక ఇంట్లోంచి జరిగాయి. ఆ ఇంట్లో వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన, ఒకరికొకరు చుట్టాలు కాని కుటుంబాలు ఒకే బల్ల దగ్గర భోజనం చేశాయి, ఒకే పెట్టెలో డబ్బు వేశాయి. అది ఎలా కుదిరింది, ఎంతకాలం నిలిచింది, ఎక్కడ బీటలు వారింది అన్నదే నా విషయం. మన సంఘంలో అన్ని మతాల వాళ్లం, ఏ మతమూ పట్టని వాళ్లం ఉన్నాం. ఎవరి నమ్మకం వారిది. కానీ నలుగురు కలిసి ఒక పని తలపెట్టి యాభై ఏళ్లు నడపడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. అందుకే ఈ కథ మనకూ పనికివస్తుందని నా నమ్మకం.

చెప్పులు కుట్టిన చేతులు

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవారు. కేరీకి ఆరేళ్ల వయసులో తండ్రికి ఊరి బడిలో పంతులు ఉద్యోగం వచ్చింది. ఆ బడిలోనే కేరీ చదువు. మొక్కలు, పురుగులు ఏరి తెచ్చి గది నిండా పెట్టుకోవడం, సముద్రయానాల పుస్తకాలు చదవడం ఆయనకు పిచ్చి. తోటి పిల్లలు కొలంబస్ అని పిలిచేవారట. ఎండ తగిలితే ఒంటికి పడని చర్మవ్యాధి ఉండడంతో పొలం పని మానిపించి, పద్నాలుగేళ్లకు పిడింగ్టన్‌లో ఒక చెప్పులు కుట్టేవాని దగ్గర పనికి పెట్టారు. చెప్పులు కుడుతూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ పట్టుబట్టి నేర్చుకున్నారు.

1781లో డొరోతీ ప్లాకెట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమెకు చదువు రాదు. పెళ్లి పుస్తకంలో సంతకం బదులు గీత గీశారు. 1785లో కేరీ మౌల్టన్ అనే ఊళ్లో బడి పెట్టారు. మన గురువులకు నవ్వు వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకు పిల్లలను అదుపులో పెట్టడం చేతకాలేదు. పాఠం మాత్రం బాగా చెప్పేవారు. తోలు ముక్కలు కుట్టి గోళం తయారుచేశారు. చేత్తో గీసిన ప్రపంచపటం గోడకు తగిలించి, ఒక్కో దేశంలో జనాభా ఎంత, వారి మతమేమిటి అని దాని మీద రాసుకునేవారు. తరువాత బాప్టిస్టు సంఘంలో పాస్టరయ్యారు. దూరదేశాలకు మిషనరీలను పంపాలని వాదిస్తూ 1792లో ఒక పుస్తకం రాశారు. అదే ఏడాది అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక వితంతువు ఇంటి గదిలో పన్నెండు పద్నాలుగు మంది కూర్చుని బాప్టిస్ట్ మిషనరీ సొసైటీ స్థాపించారు. ఆ రోజు రాసుకున్న చందాల మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్.

ఒంటరితనం నేర్పిన పాఠం

కేరీతోపాటు బయలుదేరినవారు డాక్టర్ జాన్ థామస్. అంతకుముందు బెంగాల్‌లో ఉండి వచ్చిన మనిషి, మనసు మంచిది, కానీ డబ్బు చేతిలో నిలవదు. డొరోతీ మొదట రానన్నారు. కడుపుతో ఉన్న మనిషి, సముద్రం చూసి ఎరగని మనిషి, ఎందుకు వస్తారు? ప్రయాణం ఆలస్యమై, బిడ్డ పుట్టాక, చెల్లెలు కిట్టీ తోడు వస్తానన్న తరువాతే ఒప్పుకున్నారు. 1793 జూన్ 13న డెన్మార్కు ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా చేరారు. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు కాబట్టి ఇంగ్లీషు ఓడ ఎక్కే వీలు లేకపోయింది.

కలకత్తాలో చేతిలో ఉన్న డబ్బు కొద్ది వారాల్లో కరిగిపోయింది. డబ్బు వ్యవహారం థామస్ చేతిలో ఉండేది. కేరీ కుటుంబం ఊరి బయట ఒక చిన్న ఇంట్లో, జబ్బులతో, తిండికి ఇబ్బంది పడుతూ ఉంది. తరువాత సుందరబనాల అంచున కొంతకాలం ఉన్నారు. 1794లో ఉడ్నీ అనే ఇంగ్లీషు అధికారి మాల్దా ప్రాంతంలోని ముద్నాబాతిలో తన నీలిమందు ఫ్యాక్టరీ చూసుకునే ఉద్యోగం ఇచ్చాక పూట గడిచింది.

ఆ ఏడే ఐదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి పోయాడు. పిల్లవాడి శవపేటిక చేయడానికి, గొయ్యి తవ్వడానికి, మోయడానికి మనుషులు దొరకడం గగనమైంది. పరాయి మతస్థుడి శవాన్ని ముట్టుకుంటే కులం పోతుందని జనం భయం. కేరీ కూడా జ్వరంతో మంచం మీద ఉన్నారు. ఈ సంఘటనను పాఠకులు గుర్తుంచుకోవాలి. పదేళ్లు తిరగకముందే దీనికి జవాబు లాంటిది మరొకటి జరిగింది. దాని సంగతి తరువాత చెబుతాను.

కొడుకు పోయిన దుఃఖం నుంచి డొరోతీ తేరుకోలేదు. క్రమంగా మతి చలించింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, కేకలు, దాడులు. 1807 డిసెంబరులో చనిపోయేదాకా ఆమెకు నయం కాలేదు. కేరీ గొప్పతనం చెప్పేవారు చాలామంది ఈ పేజీని త్వరగా తిప్పేస్తారు. నేను తిప్పను. ఆయన కలకు ఆమె చెల్లించిన మూల్యం చాలా పెద్దది. ఆ ఇంట్లో ఆమె గోడు ఆమె భాషలో వినగల ఆడమనిషి కూడా అప్పటికి లేదు. చెల్లెలు కిట్టీ పెళ్లి చేసుకుని సుందరబనాల దగ్గరే ఉండిపోయింది.

ముద్నాబాతి ఐదేళ్లలోనే కేరీ మనసులో ఒక ఆలోచన స్థిరపడింది. మిషనరీ కుటుంబాలు తలో ఊళ్లో ఒంటరిగా ఉంటే లాభం లేదు. ఏడెనిమిది కుటుంబాలు ఒకచోట వరుసగా చిన్న ఇళ్లు వేసుకుని, ఉమ్మడి సొమ్ముతో, ఉమ్మడి వంటతో బతకాలి. ఒకరు పెద్దగా ఉండి చూసుకోవాలి. జర్మనీ నుంచి వెళ్లిన మొరేవియన్ మిషనరీలు ఇలా బతుకుతారని చదివి ఉన్నారు. ఆ సంగతే ఫుల్లర్‌కు ఉత్తరం రాశారు. దీన్ని ఏదో భక్తి పారవశ్యంలో పుట్టిన ఊహ అనుకోకూడదు. ఒంటరిగా బతికి, బిడ్డను పోగొట్టుకుని, భార్య ఏమవుతోందో కళ్లారా చూసిన మనిషి వేసుకున్న లెక్క అది.

శ్రీరాంపూర్ ఇల్లు

1799 అక్టోబరులో ఒక అమెరికన్ ఓడలో కొత్త మిషనరీ కుటుంబాలు హుగ్లీ నది మీదుగా వచ్చాయి. కంపెనీ వారిని తన రాజ్యంలో దిగనివ్వలేదు. కలకత్తాకు ఎగువన, నది ఒడ్డునే ఉన్న శ్రీరాంపూర్ అప్పుడు డెన్మార్కు వాళ్ల చేతిలో ఉండేది. అక్కడి గవర్నరు కర్నల్ బీ ఆశ్రయం ఇచ్చారు. వచ్చిన మూడు వారాల్లోపే వారిలో గ్రాంట్ అనే ఆయన జ్వరంతో చనిపోయారు. కంపెనీ ఇలాకాలో వీళ్లను ఉండనివ్వరని తేలాక, 1800 జనవరి 10న కేరీయే ముద్నాబాతి వదిలి శ్రీరాంపూర్ చేరారు.

అక్కడ ఆయనకు జీవితాంతం తోడైన ఇద్దరు దొరికారు. జాషువా మార్ష్‌మన్ నేతపనివాని కొడుకు, బ్రిస్టల్‌లో బడి పంతులుగా పనిచేసినవారు. విలియం వార్డ్ వడ్రంగి కొడుకు, అచ్చుపని నేర్చి పత్రికలకు సంపాదకుడిగా ఉన్నవారు. ముగ్గురి స్వభావాలూ మూడు దారులు. కేరీ మెతక మనిషి, ఎవరినీ కాదనలేరు, తగాదా అంటే తప్పుకుంటారు. మార్ష్‌మన్ పట్టుదల మనిషి, పని రాక్షసుడు, మాట సూటిగా ఉండి కొందరికి గుచ్చుకునేది. వార్డ్ నెమ్మదైనవారు, చూసింది చూసినట్టు డైరీలో రాసుకునేవారు. నాలుగో మనిషిని చరిత్ర చాలాసార్లు మరిచిపోతుంది. ఆమె మార్ష్‌మన్ భార్య హన్నా. ఆ ఇల్లు నడిచిందంటే సగం ఆమె చలవే.

నది ఒడ్డున తోటతో ఉన్న ఒక పెద్ద ఇల్లు కొన్నారు. కేరీ వచ్చిన వారం రోజులకే, 1800 జనవరిలో, అందరూ కూర్చుని కొన్ని కట్టుబాట్లు రాసుకున్నారు. ప్రార్థన, ప్రసంగం అందరూ వంతుల వారీగా చేయాలి. ఇంటి వ్యవహారం ఒక నెల ఒకరు, మరో నెల మరొకరు చూడాలి. కేరీకి ఖజానా, మందుల పెట్టె. ఫౌంటెన్ అనే యువకుడికి గ్రంథాలయం. ఎవరూ సొంతానికి వ్యాపారం చేయకూడదు. ఎవరు సంపాదించినా అది అందరిదీ. ప్రతి శనివారం సాయంత్రం అందరూ కూర్చుని ఆ వారంలో ఒకరి మీద ఒకరికి వచ్చిన మనస్పర్ధలు తేల్చుకోవాలి, ఒకరినొకరు ప్రేమిస్తామని మళ్లీ మాట ఇచ్చుకోవాలి.

ఈ చివరి కట్టుబాటు దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. వీళ్లు కలిసి ఉండడానికే సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. అయినా మొదటి వారంలోనే గొడవలు వస్తాయని లెక్కవేసుకుని, వాటికి ఒక రోజు, ఒక వేళ కేటాయించారు. మనం సాధారణంగా ఏం చేస్తాం? మనమంతా ఒకటే, మనలో గొడవలేమిటి అనుకుంటాం. మనసులో పెట్టుకున్న మాట మనసులోనే పులుస్తుంది. చివరకు ఏ వార్షికోత్సవం నాడో బయటపడుతుంది. శ్రీరాంపూర్ వాళ్లు వారానికి మించి ఏదీ నిలవ ఉంచలేదు. ప్రేమ దానంతటదే ఉంటుందని వాళ్లు నమ్మలేదు, దానికీ వంటకూ లెక్కలకూ ఉన్నట్టే ఒక ఏర్పాటు ఉండాలనుకున్నారు.

ఇక పనుల పంపకం. మార్ష్‌మన్ దంపతులు 1800 మే నెలలో యూరోపియన్ పిల్లల కోసం ఒక బోర్డింగ్ స్కూలు తెరిచారు. దాని ఆదాయం ఉమ్మడి పెట్టెలోకి. వార్డ్ ముద్రణాలయం చూసుకున్నారు. అచ్చుపోసే విద్యలో ఆరితేరిన పంచానన్ కర్మకార్, ఆ తరువాత ఆయన అల్లుడు మనోహర్ ఎన్నో భారతీయ లిపులకు అక్షరాలు చెక్కారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీకి బెంగాలీ బోధించే ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 500 రూపాయలు, 1807 నుంచి 1000 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. తన తిండికి, కాలేజీకి వెళ్లడానికి మర్యాదైన దుస్తులకు అవసరమైన కొద్దిపాటి సొమ్ము ఉంచుకుని మిగతాదంతా ఉమ్మడి పెట్టెలో వేశారు. ముప్పై ఏళ్లు అలాగే వేశారు. వారంలో కొన్ని రోజులు కలకత్తాలో ఉండి, వారాంతానికి పడవ మీద ఇల్లు చేరేవారు.

ఆ ఇల్లు ఏమేం మోసిందో కూడా చెప్పాలి. మొదటి రెండేళ్లలోనే గ్రాంట్, ఫౌంటెన్, బ్రన్స్‌డన్, థామస్ వరుసగా చనిపోయారు. వారి భార్యాబిడ్డలకు ఆ ఇల్లే దిక్కైంది. ఫౌంటెన్ భార్యను 1802లో వార్డ్ పెళ్లి చేసుకున్నారు. డొరోతీ ఆ ఇంటి గదిలోనే ఉన్నారు. పక్క గదిలో కేరీ పండితులతో అనువాదం చేసుకునేవారు. తల్లి అలా, తండ్రి మెతక. కేరీ కొడుకులు పట్టపగ్గాలు లేకుండా పెరుగుతుంటే వారిని దారిలో పెట్టింది హన్నా, వార్డ్. పెద్దవాడు ఫెలిక్స్‌కు వార్డ్ అన్నలాగా నిలిచారు. తరువాత ఫెలిక్స్ బర్మా వెళ్లి, అక్కడి రాజు కొలువులో చేరి, భార్యాబిడ్డలను పడవ ప్రమాదంలో పోగొట్టుకుని, మనసు చెదిరి ఈశాన్య ప్రాంతాల్లో తిరుగుతుంటే 1818లో చిట్టగాంగ్‌లో వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చింది కూడా వార్డే. కన్నతండ్రి చేయలేనిది మిత్రుడు చేశాడు. ఉమ్మడి ఇల్లంటే ఉమ్మడి వంట ఒక్కటే కాదని నాకు ఇక్కడే అర్థమైంది.

పంక్తి పెరిగింది

1800 డిసెంబరులో కృష్ణపాల్ అనే వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు అతని భుజం బెణికితే థామస్ సరిచేశారు. బాప్తిస్మానికి ముందే అతను మిషనరీల బల్ల దగ్గర వారితో కూర్చుని భోజనం చేశాడు. ఊళ్లో గగ్గోలు పుట్టింది. కులాన్ని మించిన కట్టు ఏదీ లేని ఆ కాలంలో ప్రసంగం వినడం వేరు, ఒకే పంక్తిన తినడం వేరు. 1803లో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన కృష్ణప్రసాద్‌కు కృష్ణపాల్ కూతురితో పెళ్లి జరిగింది. పెళ్లి విందులో బెంగాలీలు, ఇంగ్లీషువాళ్లు కలిసి కూర్చున్నారు.

అదే ఏడు అక్టోబరులో గోకుల్ అనే బెంగాలీ క్రైస్తవుడు చనిపోయాడు. ఆ చిన్న సంఘంలో అది తొలి చావు. మోసేవాళ్లెవరు? ఆ ప్రాంతంలో పోర్చుగీసు సంతతివారిలో పేదలను కూలికి పెట్టి మోయించడం అలవాటు. ఈసారి అలా చేయలేదు. మార్ష్‌మన్, కేరీ కొడుకు ఫెలిక్స్, బ్రాహ్మణుడిగా పుట్టిన భైరవ్, ముస్లింగా పుట్టిన పీరు కలిసి శవపేటికను భుజాన పెట్టుకున్నారు. వీధి వీధంతా నిలబడి చూసింది. తొమ్మిదేళ్ల క్రితం ముద్నాబాతిలో పీటర్‌ను మోయడానికి మనిషి దొరకలేదని పైన చెప్పాను. ఆ పీటర్ అన్నే ఇప్పుడు మోసేవారిలో ఒకడు.

1805 అక్టోబరు 7న తమ కట్టుబాట్లను విస్తరించి ఒక ఒప్పందపత్రం రాసుకున్నారు. ఇక్కడి ప్రజల ఆలోచనలు, అలవాట్లు తెలుసుకోవాలని, వారిని నొప్పించే ఇంగ్లీషు పద్ధతులు మానుకోవాలని, స్థానికులను తమతో సమానంగా చూడాలని, వారే తమ సంఘాలను నడుపుకునేలా చేయాలని అందులో ఉంది. చివర మళ్లీ పాతమాటే: మన కాలం, మన బలం, మన కుటుంబాలు, ఆఖరికి మన ఒంటి మీది బట్ట కూడా సొంతం అనుకోకూడదని. ఆ పత్రాన్ని ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, అక్టోబరు నెలల్లో, ప్రతి కేంద్రంలో అందరి ముందు చదవాలని నిర్ణయించుకున్నారు. రాసి బీరువాలో పెట్టిన నియమావళికీ, ఏడాదికి మూడుసార్లు చదివి వినిపించుకునే నియమావళికీ తేడా ఏమిటో సంఘాలు నడిపినవారికి నేను చెప్పనక్కరలేదు.

నిప్పు

1812 మార్చి 11 సాయంత్రం ముద్రణాలయంలో కాగితం నిలవ ఉన్నచోట మంటలు లేచాయి. కేరీ కలకత్తాలో ఉన్నారు. వార్డ్, మార్ష్‌మన్ తలుపులు, కిటికీలు మూయించి, కప్పుకు రంధ్రం చేసి గంటల తరబడి నీళ్లు పోయించారు. మంట దాదాపు అదుపులోకి వచ్చింది. ఇంతలో ఎవరో ఒక కిటికీ తెరిచారు. గాలి తగిలి అంతా అంటుకుంది. నష్టం సుమారు 70 వేల రూపాయలు. కాగితం, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, అన్నిటికంటే విలువైన రాతప్రతులు పోయాయి. సంస్కృతం నుంచి పుట్టిన భాషలన్నిటికీ కలిపి కేరీ తయారుచేస్తున్న నిఘంటువు పోయింది. కేరీ రాస్తున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా అందులో కాలింది.

మర్నాడు మార్ష్‌మన్ కలకత్తా వెళ్లి కబురు చెప్పారు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి వార్డ్ బూడిదలోంచి అక్షరాలు పోసే ఉక్కు అచ్చులను చెక్కుచెదరకుండా వెలికితీసి, కరిగిన సీసాన్ని మళ్లీ పోతపోసే ఏర్పాటు మొదలుపెట్టి ఉన్నారు. ముద్రణయంత్రాలు కూడా దక్కాయి. ఎవరు కిటికీ తెరిచారని విచారణ పెట్టలేదు. కొద్ది వారాల్లో అచ్చు మళ్లీ మొదలైంది. ఇంగ్లండుకు కబురు చేరాక అక్కడి మిత్రులు రెండు నెలల్లోపే నష్టమంతా భర్తీ చేశారు.

కేరీ పోయినవాటిని మళ్లీ రాయడానికి కూర్చున్నారు. తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. 1818లో శ్రీరాంపూర్ నుంచే తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. తెలుగు అచ్చు చరిత్ర చదువుకునేవారికి ఈ పేర్లు తెలిసినవే. బ్రౌన్ దొర మన భాషలో పని మొదలుపెట్టక ముందే, తెలుగు నేల మీద ఒక్కనాడూ స్థిరపడని ఒక మనిషి, పండితుల సాయంతో, కాలిపోయిన తెలుగు వ్యాకరణాన్ని రెండోసారి రాశారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

బీటలు

ఇక్కడితో ముగిస్తే కథ అందంగా ఉంటుంది, కానీ నిజం కాదు. 1814 తరువాత ఇంగ్లండు నుంచి కొత్త తరం మిషనరీలు వచ్చారు. వారిలో కేరీ అన్నదమ్ముల బిడ్డ యూస్టేస్ కేరీ ఒకరు. యేట్స్, పెన్నీ మొదలైనవారు మిగతావారు. అందరూ చదువుకున్నవారు, చురుకైనవారు. వచ్చి చూస్తే ఇంటి పద్ధతులన్నీ పెద్దలు ఎప్పుడో నిర్ణయించినవి. ఆస్తి, ముద్రణాలయం, నిర్ణయాలు ఆ ముగ్గురి చేతిలో. ముఖ్యంగా మార్ష్‌మన్ తీరు వారికి నచ్చలేదు. కొన్నేళ్లలోనే విడిపోయి కలకత్తాలో వేరే మిషన్ పెట్టుకున్నారు. వారి బడి వేరు, ముద్రణాలయం వేరు.

అదే కాలంలో ఇంగ్లండులోనూ మనుషులు మారారు. 1815లో ఫుల్లర్ పోయారు. ముగ్గురినీ ఎరిగిన పాతతరం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్త కమిటీ శ్రీరాంపూర్ ఆస్తి ఎవరిదని అడిగింది. ఆ ఆస్తిలో చాలావరకు ఆ ముగ్గురు కష్టపడి సంపాదించి, తమకంటూ ఏమీ ఉంచుకోకుండా పెట్టినదే. తమది కానిదాన్ని తమది చేసుకున్నట్టు అనుమానించడం వారిని లోతుగా గాయపరిచింది. అటు కమిటీ ప్రశ్నలోనూ న్యాయం లేకపోలేదు. ప్రజల చందాతో నడిచే సంస్థ లెక్క అడగడం తప్పు కాదు. ఒక ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏడాది పట్టే రోజులవి. శనివారం సాయంత్రం ఎదురెదురుగా కూర్చుంటే తేలిపోయే మాట, సముద్రం మీద ఆరేసి నెలలు ప్రయాణించి కరపత్రాల యుద్ధమైంది.

ఆ రోజుల్లో చాలామంది కేరీని గౌరవిస్తూ, మార్ష్‌మన్ ఒక్కరినే దోషిగా నిలబెట్టారు. కేరీ తప్పుకుంటే ఆయన పేరుకు మచ్చ అంటదు. ఆయన తప్పుకోలేదు. జీవితమంతా తగాదాలకు దూరంగా ఉన్న ఆ మెతక మనిషి, సొంత అన్నదమ్ముల బిడ్డ ఎదుటి పక్షంలో ఉన్నా, మార్ష్‌మన్ పక్కనే నిలబడ్డారు. 1823 మార్చిలో వార్డ్ కలరా సోకి ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఇరవై మూడేళ్ల ముగ్గురి సహవాసం ఇద్దరిదైంది. 1827లో శ్రీరాంపూర్ మిషన్, తనకు జన్మనిచ్చిన సొసైటీ నుంచి వేరుపడింది. 1830లో కలకత్తా వ్యాపారసంస్థలు కుప్పకూలి మిషన్ డబ్బు కొంత పోయింది. కేరీ కాలేజీ ఉద్యోగమూ ముగిసి ఆదాయం తగ్గింది. అయినా 1818లో తాము స్థాపించిన శ్రీరాంపూర్ కాలేజీని మూయనివ్వలేదు. ఆ కాలేజీ ఇప్పటికీ ఉంది.

కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశారు. ఇంగ్లండు వదిలిన నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు. సమాధి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఒక కీర్తనలోంచి రెండు పాదాలు చాలన్నారు. శ్రీరాంపూర్ ఆస్తి మీద తనకు ఏ హక్కూ లేదని వీలునామాలో రాశారు. ఒక కొడుకుకు ఇవ్వవలసిన సొమ్ము కోసం తన పుస్తకాలు అమ్మమన్నారు. 1837 డిసెంబరులో మార్ష్‌మన్ కూడా పోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో రెండు పక్షాలూ రాజీపడి ఒకటయ్యాయి. ఆ కబురు వినడానికి ముగ్గురిలో ఎవరూ మిగలలేదు.

మనకు ఇందులో ఏముంది

ఈ జీవితాన్ని చదివిన ప్రతిసారీ నాకు తోచేది ఇది. శ్రీరాంపూర్ ఇంటిని నిలబెట్టింది ఆ ముగ్గురి మంచితనం ఒక్కటే కాదు. నెలనెలా మారే బాధ్యత, అందరికీ కనబడే పెట్టె, వారానికోసారి మనసు విప్పుకునే వేళ, ఏడాదికి మూడుసార్లు చదువుకునే ఒప్పందం. ఈ నాలుగూ ఉన్నంతకాలం నిప్పు కూడా వారిని ఏమీ చేయలేకపోయింది. బీటలు వారింది కూడా అక్కడే. ముగ్గురి మధ్య నమ్మకం ఎంత గట్టిపడిందంటే, తరువాత వచ్చినవారికి అందులో చోటు కనబడలేదు. వంటింటి బాధ్యత వంతులు మారింది కానీ పెద్ద నిర్ణయాల బాధ్యత మారలేదు. లెక్కలు నిజాయితీగానే ఉన్నాయి, కానీ ఆ నిజాయితీని తెలిసినవారు పోయాక, తెలియనివారికి చూపించే ఏర్పాటు లేకపోయింది.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మొదలుపెట్టిన వాళ్లలో కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. ఉన్నవాళ్లం కర్రపట్టుకుని మెట్లెక్కే వయసుకు వచ్చాం. మాకు ఒకరంటే ఒకరికి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్లూ స్కాలర్‌షిప్‌లు, గ్రంథాలయం, వార్షికోత్సవాలు నడిచాయి. కానీ మొన్నటి బ్యాచ్‌ల పిల్లలకు మేము పేర్లు మాత్రమే. మా మీద నమ్మకం ఉంచమని వారిని అడగడం కంటే, పెట్టె తాళంచెవి వారికిచ్చి, లెక్కల పుస్తకం వారి ముందు తెరిచి, బల్ల దగ్గర వారికి చోటు చూపించడం మంచిది. స్వర్ణోత్సవం తరువాత జరిగే మొదటి సర్వసభ్య సమావేశంలో పదవులకు కాలపరిమితి, ఏటేటా సభ్యులందరికీ లెక్కల పత్రం అనే రెండు తీర్మానాలు రావాలని నా కోరిక. వాటికి మొదటి చెయ్యి నాదే.